పాలవ్యాను పెట్టె – ఆకాశంలో గడియారాలు

ఈమధ్య కొన్ని పాల సంఘాల దగ్గర ఒక మార్పు కనిపిస్తున్నది. "వ్యాను ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే సెక్రటరీగారు రోడ్డువైపు చూడటం మానేసి ఫోను తీసి చూస్తున్నారు. "నరసన్నపేట దాటింది, అరగంటలో ఇక్కడుంటుంది" అంటున్నారు. ట్యాంకరుకు బిగించిన చిన్న పెట్టె ఆ కబురు చెబుతున్నది. ఎండాకాలం పొద్దున వ్యాను గంట ఆలస్యమైతే క్యాన్లలో పాలు ఏమవుతాయో మన సభ్యులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ పెట్టె మంచిదే.

అయితే ఒక సంఘం సమావేశంలో ఒక పెద్దామె లేచి ఇలా అడిగారు: "బాబూ, పైనున్న ఉపగ్రహం మన వ్యానును చూస్తున్నదంటున్నారు. మన ఇంటినీ, పెరటినీ కూడా చూస్తున్నదా?" చాలామందికి ఈ సందేహం ఉన్నది. చదువుకున్నవారికి కూడా ఉన్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

చూడటం లేదు. భూమిని ఫోటోలు తీసే ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. దారి చెప్పే ఉపగ్రహాలకు కళ్లు లేవు. మన కళింగపట్నం దీపస్తంభాన్ని తలచుకోండి. ఆ దీపం ఏ పడవనూ చూడదు. పడవలో ఉన్నవాడే దీపాన్ని చూసి తాను ఎక్కడున్నదీ పోల్చుకుంటాడు. ఈ ఉపగ్రహాలూ అంతే. అవి ఆకాశంలో పెట్టిన దీపస్తంభాలు. వెలుగుకు బదులు రేడియో తరంగాలు పంపుతాయి. ఒక్కొక్కటీ ఎడతెరిపి లేకుండా చెప్పేది ఒకటే మాట: "నేను ఫలానా ఉపగ్రహాన్ని. ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను. నా గడియారంలో సమయం ఇంత." వ్యాను మీద పెట్టె ఆ మాటలు విని, లెక్క వేసుకొని, తానున్న చోటు తానే తెలుసుకుంటుంది. ఆ తరువాత అందులోని సిమ్ కార్డు ద్వారా, మామూలు సెల్ టవరు మీదుగా ఆ సంగతి మన సెక్రటరీగారి ఫోనుకు చేరుతుంది. అందువల్లనే సీతంపేట ఏజెన్సీ వంటి కొండదారుల్లో టవరు అందని చోట వ్యాను "కనబడకుండా" పోతుంది. పెట్టెకు తానెక్కడున్నదీ తెలుసు. చెప్పే దారి లేదంతే.

సమయం వింటే చోటు ఎలా తెలుస్తుంది?

ఇది మనకు తెలియని విద్య కాదు. మెరుపు మెరిసిన తరువాత ఉరుము వినిపించేవరకు లెక్కపెట్టడం పొలాల్లో పనిచేసేవారికి అలవాటే. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది. తొమ్మిది లెక్కపెట్టేసరికి ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలో పడిందన్నమాట. బయలుదేరిన సమయం, చేరిన సమయం తెలిస్తే దూరం తెలిసిపోతుంది.

కాని దూరం ఒక్కటే తెలిస్తే చాలదు. "శ్రీకాకుళానికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నాను" అని ఎవరైనా ఫోను చేస్తే, ఆ మనిషి నరసన్నపేట వైపున్నాడో, రణస్థలం వైపున్నాడో, సముద్రం మీద పడవలో ఉన్నాడో చెప్పలేము. విజయనగరానికి ఎంత దూరమో కూడా చెబితే రెండు చోట్లు మిగులుతాయి. మూడో ఊరికి ఎంత దూరమో చెబితే తేలిపోతుంది. ఉపగ్రహాల లెక్క కూడా ఈ పద్ధతిలోనే సాగుతుంది. మూడు ఉపగ్రహాలకు దూరాలు తెలిస్తే భూమి మీద చోటు తేలుతుంది.

చిక్కు ఎక్కడున్నదంటే, రేడియో తరంగం శబ్దంలాగా నెమ్మదిగా రాదు. సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి రావడానికి సెకండులో పదిహేనో వంతు చాలు. గడియారం సెకండులో వెయ్యోవంతు తప్పితే లెక్క 300 కిలోమీటర్లు తప్పుతుంది. అంటే శ్రీకాకుళంలో ఉన్న వ్యాను రాజమండ్రి దాటినట్టు చూపుతుంది! సెకండులో పదిలక్షల వంతు తప్పినా 300 మీటర్ల తేడా. అందుకే ప్రతి ఉపగ్రహంలోనూ రుబిడియం, సీజియం వంటి లోహాల పరమాణువుల కదలికతో నడిచే గడియారాలు పెడతారు. వాటిని అణుగడియారాలు అంటారు. అంత ఎత్తులో, అంత వేగంతో తిరుగుతున్నందువల్ల ఆ గడియారాలు నేల మీది వాటికంటె రోజుకు సెకండులో పదిలక్షల వంతులు 38 చొప్పున ముందుకు పోతాయి. ఐన్‌స్టయిన్ సిద్ధాంతం వల్ల ఈ సంగతి తెలిసింది. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే పదకొండు కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది.

మరి వ్యాను మీది పెట్టెలో అణుగడియారం లేదు కదా? లేదు. మన చేతి గడియారం పాటిది మాత్రమే ఉంటుంది. ఇక్కడ చేసిన యుక్తిని మన టెస్టరు వెంటనే గ్రహిస్తాడు. సంఘంలో లాక్టోమీటరు ఒకటి చెడి ప్రతి సభ్యుని పాలకూ రెండేసి డిగ్రీలు తక్కువ చూపుతున్నదనుకోండి. తప్పు అందరికీ ఒకే మోతాదులో ఉన్నది. రీడింగు ముందే తెలిసిన పాలు ఒక్కసారి పరీక్షిస్తే ఆ తప్పు ఎంతో బయటపడుతుంది. ఆపైన అందరి లెక్కా సరిచేయవచ్చు. పెట్టె గడియారం తప్పు కూడా అన్ని ఉపగ్రహాల దూరాల్లోనూ ఒకే మోతాదులో చేరుతుంది. నాలుగో ఉపగ్రహం దొరికితే ఆ తప్పు ఎంతో లెక్కలో పట్టుబడుతుంది. అందుకని చోటు తెలియడానికి తక్కువలో తక్కువ నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఈ నాలుగు అనే సంఖ్యను గుర్తుంచుకోండి, ముందు పని ఉన్నది.

ఇంత చేసినా గాలిపొరల వల్ల, చెట్ల వల్ల, మేడల వల్ల ఫోను చెప్పే చోటు అయిదు పది మీటర్లు అటూ ఇటూ అవుతుంది. వ్యానుకు అది చాలు. పొలం గట్టుకు చాలదు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఇందుకు వేరే ఏర్పాటు చేశారు. చోటు ఖచ్చితంగా తెలిసిన స్థలాల్లో శాశ్వత కేంద్రాలు పెట్టి, ఉపగ్రహాల లెక్కలో ఆ నిమిషానికి ఎంత తప్పు వస్తున్నదో కనిపెట్టి, సర్వేయరు చేతిలోని పరికరానికి తెలియజేస్తారు. అప్పుడు తేడా సెంటీమీటర్లకు దిగుతుంది. ఇదీ లాక్టోమీటరు యుక్తే. అయితే సర్వేయరు కర్ర ఎక్కడ నిలబడిందో ఉపగ్రహం చెప్పగలదు గాని, గట్టు ఎవరిదో చెప్పలేదు. కొలిచే రోజున రైతు పొలంలో ఉండవలసిందే.

ఈ దీపాలు ఎవరివి?

మనం "జీపీఎస్" అని పిలిచేది అమెరికా రక్షణశాఖ తన సైన్యం కోసం పెట్టుకున్నది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు ప్రయాణికుల విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. దాన్ని కూల్చివేయగా 269 మంది చనిపోయారు. ఆ తరువాతనే, ఈ వ్యవస్థ పూర్తయినప్పుడు మామూలు జనానికి కూడా ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఇచ్చినా, సైన్యానికి ఇచ్చినంత శుద్ధంగా ఇవ్వలేదు. 2000 మే నెల వరకు జనానికి అందే సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. పాలలో నీళ్లు కలిపినట్టే! రష్యాకు గ్లోనాస్, ఐరోపా దేశాలకు గెలీలియో, చైనాకు బైడూ అనే వ్యవస్థలున్నాయి. ఇవన్నీ ప్రపంచమంతటికీ పనిచేస్తాయి.

మన దేశం తనకు, తన చుట్టూ 1,500 కిలోమీటర్ల మేరకు సరిపోయేలా సొంత వ్యవస్థ పెట్టుకున్నది. ఏడు ఉపగ్రహాలతో వేసిన ప్రణాళిక అది. మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అది అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా. ఏడోది 2016 ఏప్రిల్ 28న వెళ్లింది. ఆనాడే ప్రధానమంత్రి ఆ వ్యవస్థకు "నావిక్" అని పేరు పెట్టారు. నావికుడనే అర్థంలో మత్స్యకారులనూ, నావికులనూ తలచి పెట్టిన పేరది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమి చుట్టూ తిరుగుతూ వస్తూ పోతూ ఉంటాయి. నావిక్ ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ ఎప్పుడూ మన వైపే ఉంటాయి.

తరువాత జరిగిన సంగతి దాచనవసరం లేదు. మొదటి ఉపగ్రహంలోని మూడు అణుగడియారాలూ 2016లో ఆగిపోయాయి. అవి స్విట్జర్లాండు నుంచి తెప్పించినవి. ఉపగ్రహం ఆరోగ్యంగా ఉన్నది, గడియారం లేదు. టెస్టింగు మిషను లేని పాలకేంద్రం ఎంత పని చేస్తుందో అదీ అంతే. దాని బదులు 2017 ఆగస్టు 31న పంపినదానికి రాకెట్టు పైతొడుగు విడిపోక పని చెడిపోయింది. 2018 ఏప్రిల్‌లో మరొకటి సరిగా చేరింది. అహ్మదాబాదులోని ఇస్రో కేంద్రంలో తయారైన మన సొంత అణుగడియారం 2023 మే 29న వెళ్లిన ఉపగ్రహంలో మొదటిసారి ఎక్కింది. 2025 జనవరి 29న వెళ్లినది శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగం. రాకెట్టు తన పని చేసింది గాని, ఉపగ్రహంలో ఒక వాల్వు తెరుచుకోక అది చేరవలసిన కక్ష్య చేరలేదు. 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం పంపిన పదకొండింటిలో చోటు చెప్పే సేవ చేస్తున్నవి నాలుగు. నాలుగు ఎందుకు ముఖ్యమో పైన చూశాం. ఒక్కటి తగ్గినా లెక్క కుదరదు. ప్రస్తుతం ఫోన్లు జీపీఎస్, గ్లోనాస్ వంటి పరాయి ఉపగ్రహాల మాటలు కూడా కలిపి వింటాయి కాబట్టి మనకు రోజువారీ పనిలో ఈ కొరత తెలియడం లేదు.

సముద్రం మీద గీత లేదు

మన సభ్యులలో తీరగ్రామాలవారూ ఉన్నారు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నా, పెద్ద పడవలు నిలిపే హార్బరు లేక వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి పోతున్నారు. ఇక్కడ పెద్దలు కొండగుర్తులు చూసి పడవ నడిపేవారు. అక్కడి నీళ్లలో ఆ కొండలు లేవు.

2018 నవంబరు చివర, వెరావల్ నుంచి వేటకు పోయిన మనవాళ్లు 22 మందిని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకొని కరాచీ జైల్లో పెట్టింది. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. అంటే పదమూడు నెలలు. మిగిలిన ఇద్దరు ఆ తరువాత వచ్చారు. 2025లో వచ్చిన "తండేల్" సినిమాకు ఆధారం ఇదే. తండేల్ అంటే పడవ నాయకుడు.

జీపీఎస్ ఉంటే ఇలా జరగదు కదా అని తేలికగా అనేస్తారు. అంత సులభం కాదు. పరికరం అక్షాంశ రేఖాంశాల అంకెలు చూపుతుంది. సరిహద్దు గీత అందులో ఎక్కించి ఉండాలి. దగ్గరకు రాగానే అది మోత మోగించాలి. ఇంజను ఆగితే నీటివాలు ఎటు లాగితే అటు పోవడమే. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఫోను పలకదు కాబట్టి చెప్పుకోవడానికీ వీలు లేదు.

తుఫాను కబురు సంగతీ ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డున ఉన్నవారికి హెచ్చరిక అందింది. నడిసముద్రంలో ఉన్న పడవకు అందించే ఉపాయం కావాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2019 అక్టోబరులో "జెమిని" అనే పరికరం తెచ్చింది. తుఫాను హెచ్చరికలనూ, చేపలు దొరికే చోట్లనూ అది గగన్ అనే మన ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వింటుంది, పక్కనున్న ఫోనులో చూపుతుంది. వినడమే గాని తిరిగి చెప్పలేదు. రెండు వైపులా మాట పోయే ట్రాన్స్‌పాండర్ పెట్టెలను లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రారంభించారు. ఆపదలో కబురు పంపడానికీ, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరించడానికీ ఇస్రో తయారుచేసిన పరికరం ఇది.

అయితే మనవాళ్లు ఎక్కేది పరాయి యజమాని పడవ. పెట్టె పెట్టించుకొనేది ఆయన. ఆగస్టులో వెరావల్ బయలుదేరే ముందు జీతమెంత, అడ్వాన్సెంత అని మాట్లాడుకొనేటప్పుడే మరి మూడు సంగతులు అడగాలి. పడవకు ట్రాన్స్‌పాండర్ ఉన్నదా? దానికి కరెంటు ఇచ్చే బ్యాటరీ మంచిదేనా? దాని మోత మోగినప్పుడు ఏమి చేయాలో తండేల్‌తోపాటు పడవలో ఇంకొకరికైనా తెలుసా?