గోధుమలో ఉన్నది గ్లూటెన్ ఒక్కటేనా?

విదేశాల్లోని తెలుగు ఇళ్ళలో గోధుమ గురించి రెండు సలహాలు తరచు వినిపిస్తాయి. చక్కెర వ్యాధి ఉన్నవారితో "రాత్రిపూట అన్నం మాని చపాతీ తినండి" అంటారు. కడుపు ఉబ్బరంతో బాధపడేవారితో "గోధుమ మానేయండి, అందులో గ్లూటెన్ ఉంది" అంటారు. రెండు మాటలూ గోధుమను ఏకపదార్థంగా భావించడం వల్ల పుట్టినవే. ఆ గింజలో స్వభావం వేరువేరైన రసాయనాలు ఎన్నో ఉన్నాయి. అవి ఇబ్బంది పెట్టే తీరూ, ఇబ్బంది పడే మనుషులూ కూడా వేరు.

గ్లూటెన్ కూడా ఒకే పదార్థం కాదు. గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు తరగతుల మాంసకృత్తులు నీటితో కలిసినప్పుడు ఏర్పడే జిగురు వల అది. చపాతీ ముద్ద సాగేదీ, రొట్టె పొంగేదీ దానివల్లనే. వీటిలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం అధికం. ప్రోలీన్ దట్టంగా ఉన్న గొలుసులను మన జీర్ణరసాలు పూర్తిగా తెంచలేవు. మిగిలిన ముక్కలు చాలామందిలో ఏ హానీ చేయవు. కొన్ని జన్యువులున్న కొద్దిమందిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా భావించి, ఆ పోరులో చిన్నప్రేగు పొరనే దెబ్బతీస్తుంది. అదే సీలియాక్ వ్యాధి.

దీనికి గోధుమే కారణమని నిరూపించినవారు డచ్ శిశువైద్యుడు విల్లెం డికె. 1944-45 శీతకాలపు కరవులో నెదర్లాండ్స్‌లో రొట్టె కరవైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ రోగమున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. 1930లలోనే గోధుమను అనుమానించిన డికె, యుద్ధానంతరం సహచరులతో కలిసి ఆ అనుమానాన్ని పరీక్షలతో రుజువు చేశాడు.

భారతదేశంలో ఈ వ్యాధి ఉత్తరాదిదన్న అభిప్రాయముంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఇది ఉత్తరాన సుమారు 1 శాతం మందిలో, దక్షిణాన 0.1 శాతం మందిలో కనిపించింది. కానీ దానికి అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాన 38 శాతం మందికి ఉంటే, దక్షిణాన 36 శాతం మందికి ఉన్నాయి. గోధుమ వాడకం మాత్రం అక్కడ రోజుకు 455 గ్రాములు, ఇక్కడ 25. అంతమాత్రాన తేడా అంతా గోధుమదే అనడానికి లేదు: 37 గ్రాములే తినే ఈశాన్యంలోనూ వ్యాధి 0.85 శాతం ఉంది. అయినా, అన్నం నుండి రొట్టెకు మారిన దక్షిణాది కుటుంబం "మనకది రాదులే" అనుకోవడానికి ఆధారం లేదు.

ఇక ఉబ్బరం సంగతి. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలున్నాయి. వీటిని తెంచే ఎంజైము మనిషికి లేదు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువును పుట్టిస్తాయి. నార్వేలో, సీలియాక్ లేకున్నా తమంతట తామే గ్లూటెన్ మానేసిన 59 మందిని పరీక్షించి, ఫలితాలను 2018లో ప్రకటించారు. గ్లూటెన్, ఫ్రక్టాన్, రెండూ లేనివి – ఏది ఏదో చెప్పకుండా మూడు రకాల తినుబండారాలను ఒక్కొక్కటి వారం చొప్పున ఇచ్చారు. సగటున ఎక్కువ బాధపెట్టినది ఫ్రక్టాన్. గ్లూటెన్‌కూ, రెండూ లేనిదానికీ తేడా కనిపించలేదు. ఫ్రక్టాన్లు ఉల్లి, వెల్లుల్లిలోనూ దండిగా ఉంటాయి. చపాతీ మాని ఉల్లిపాయ పులుసు తిన్నవారికి ఉబ్బరం తగ్గకపోతే ఆశ్చర్యమేముంది?

పొట్టులో మరొకటుంది: ఫైటిక్ ఆమ్లం. ఇది ఇనుమును, జింక్‌ను పట్టుకుని రక్తంలోకి చేరనివ్వదు. బీహార్‌లో జన్మించిన ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో, ఇరవై ఒక్క ఏళ్ళున్నా పదేళ్ళ బాలుడిలా కనిపించే రోగిని చూశాడు. అతని ఆహారం దాదాపు పులియని రొట్టే. మనిషికి జింక్ అవసరమన్న ఎరుక ఆ పరిశీలన నుండే మొదలైంది. అలాగని పొట్టును పారవేయడం తెలివి కాదు. పీచు, ఫెరులిక్ ఆమ్లం వంటి ప్రతిఆక్సీకరణులు ఉండేదీ అక్కడే. పిండిని చాలాసేపు పులియబెడితే ఫైటిక్ ఆమ్లమూ, ఫ్రక్టాన్లూ రెండూ తగ్గుతాయి. 

గోధుమ మానదలచినవారు గమనించవలసిన చిక్కు ఒకటుంది. సీలియాక్ రక్తపరీక్ష వెతికేది గోధుమ తింటున్నంతకాలం తయారయ్యే ప్రతిరక్షకాలను. ముందే మానేస్తే అవి తగ్గిపోయి, వ్యాధి ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు. అప్పుడు పరీక్ష కోసమే కొన్ని వారాలు మళ్ళీ గోధుమ తినవలసి వస్తుంది. వ్యాధి నిర్ధారణ అయినవారు చపాతీ, ఉప్మా రవ్వలతో పాటు పోపుల పెట్టెనూ చూసుకోవాలి. డబ్బాల్లో అమ్మే ఇంగువ పొడి చాలా రకాల్లో గోధుమపిండి కలిసి ఉంటుంది.