మెదడు వైద్యమునకు ధర్మనిధులు

దానధర్మములన్న మాట వినగానే మనకు తోచునవి సత్రములు, చలివేంద్రములు, గుళ్ళకు మాన్యములు, పేదపిల్లలకు పుస్తకములు. ఇవి యన్నియు మంచివే. కాని కాలము మారినకొలది దానమునకు తగిన కార్యములును మారుచుండును. మెదడునకును, వెన్నుపామునకును శస్త్రచికిత్స చేయు విద్య అట్టి కార్యములలో నొకటి. దీనినే న్యూరోసర్జరీ యందురు. ఈ విద్య నేర్పుటకు, ఇందు పరిశోధన జరుపుటకు ధర్మసంస్థల ధన మెట్లు తోడ్పడినదో మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఈ వైద్యమున కింత వ్యయమెందుకో చూతము. పెద్దవారి మెదడు ఇంచుమించు 1,400 గ్రాముల బరువుండును. అది గట్టి పుర్రెలో ఇమిడి యున్నది. దెబ్బ తగిలి లోపల నెత్తురు చేరినచో, దానికి పోవుదారి లేక మెదడునే నొక్కివేయును. కొన్ని గంటలలో ఆ ఒత్తిడిని తొలగింపనిచో రోగి బ్రతికినను మాటయో, నడకయో పోవచ్చును. చర్మము తెగిన మరల పెరుగును గాని, చచ్చిన నాడీకణము మరల పుట్టుట కష్టము. కనుక స్కానింగు యంత్రము, సూక్ష్మదర్శిని, మత్తు వైద్యుడు, శిక్షణ పొందిన నర్సులు రేయింబవళ్ళు సిద్ధముగా నుండవలయును. వీటన్నిటికంటె దుర్లభుడు శస్త్రవైద్యుడే. ఎం.బి.బి.ఎస్.కు 5½ ఏండ్లు, పిమ్మట సర్జరీకి 3 ఏండ్లు, న్యూరోసర్జరీకి మరి 3 ఏండ్లు చదువవలయును. ప్లస్ టూ ముగించిన పిల్లవాడు న్యూరోసర్జను అగునప్పటికి ముప్పదవ యేడు సమీపించును. యంత్రమును డబ్బుతో ఒక్కనాట కొనవచ్చును. వైద్యుని కొనజాలము, తయారుచేసికొనవలయును.

ఈ సత్యమును గుర్తించిన దాతలు లోకమున కొందరు కలరు. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ధర్మసంస్థ 12 లక్షల డాలర్లకు పైగా ఒసగగా, 1934లో కెనడా దేశమున మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వెలసినది. ఆ ధనములో సింహభాగము కట్టడమునకు గాక, పరిశోధనకు మూలధనముగా నిలిచినది. మెదడునకు నొప్పి తెలియదు. కావున అచ్చటి ఆచార్యుడు పెన్‌ఫీల్డ్ రోగి మెలకువగా నుండగనే మెదడును స్వల్పవిద్యుత్తుతో తాకి, ఏ చోటు చేతిని కదల్చునో, ఏ చోటు మాటను నడపునో పటము గీసెను. ఆయనయొద్ద శిక్షణ పొందిన మనదేశీయుడు డాక్టర్ జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో న్యూరోసర్జరీ శాఖను నెలకొల్పెను. అది దేశమున అట్టి శాఖలలో మొదటిది. ఆపై అచ్చట ఎందరో శిష్యులు తయారైరి. కెనడాలో నాటిన విత్తు వేలూరులో నీడనిచ్చిన దన్నమాట.

ఇక మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో 1950లో ఈ వైద్యమును ప్రారంభించినవారు డాక్టర్ బి. రామమూర్తి. ఆయన పూనికతో 1970వ దశాబ్దపు చివర, అడయారు ప్రాంతమున వాలంటరీ హెల్త్ సర్వీసెస్ అను స్వచ్ఛంద ఆసుపత్రిలో ఒక న్యూరోసర్జరీ కేంద్రము ఏర్పడినది. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ కె. ఎస్. సంజీవి ఆశయము, ఎవరి శక్తికొలది వారు ఇచ్చి వైద్యము పొందుట. ఆ కేంద్రమునకు పెట్టిన పేరు మన తెలుగువారిదే: డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. పాశ్చాత్యవైద్యము చదివి, ఆయుర్వేదమునకు జీవిత మర్పించిన ఆ పండితుని పేరు నూతన శస్త్రవిద్య నేర్పు మందిరముపై వెలయుట ఎంతయు సముచితము.

మన కోయంబత్తూరు జిల్లా కథ మరింత దగ్గరిది. పీలమేడులోని పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలువురు కుమారులు 1926లో ఆస్తి పంచుకొనునపుడు నాలుగు పాళ్ళు గాక ఐదు పాళ్ళు వేసిరి. ఐదవది ధర్మమునకు! ఇంట తెలుగు మాటాడు ఆ కుటుంబపు ధర్మనిధినుండి పాఠశాలలు, కళాశాలలు, 1985లో వైద్యకళాశాల పుట్టినవి. ధర్మమును ఐదవ సోదరునిగా నెంచిన ఆ ఇంటివారి బుద్ధి మనము మరువరానిది.

ఉచిత చికిత్సకు పుట్టపర్తి సత్యసాయి సంస్థ ప్రసిద్ధము. ఆ సంస్థ 2001లో బెంగుళూరు వైట్‌ఫీల్డులో తెరచిన ఆసుపత్రిలో న్యూరోసర్జరీ రోగులకు రుసుము లేదు. పరిశోధన యేల యనువారికి నల్లగొండ చాలును. అచ్చటి నీటిలోని ఫ్లోరైడు వలన ఎముక అడ్డదిడ్డముగా పెరిగి వెన్నుపామును నొక్కగా కాళ్ళు చచ్చుబడును. హైదరాబాదు న్యూరోసర్జను డాక్టర్ డి. రాజారెడ్డి ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించిరి. మన నేల వ్యాధిని మనము పరిశోధింపక పరదేశీయుడు పరిశోధించునా?

అయినను దానమున ఒక లోపము కలదు. భవనము కట్టించినవాని పేరు రాతిపై నిలుచును. ఒక యువవైద్యుని ఆరేండ్లు పోషించినవాని పేరు ఎచ్చటను కానరాదు. అందుచే కట్టడములకు వచ్చిన ధనము శిక్షణకు రాదు. పైగా పరిశోధన ఫలించునో లేదో ముందు తెలియదు. మూలధనమును ముట్టక వడ్డీతో ఏటేట విద్యార్థివేతన మిచ్చు నిధియే ఇచ్చట మేలు. లెక్కలు బహిరంగముగా నుండవలయును; ఏ విషయము పరిశోధింపవలెనో దాత గాక పండితులు నిర్ణయింపవలయును. మరియు, ధర్మసంస్థ ప్రభుత్వమునకు తోడగునే గాని బదులు కాజాలదు.

విద్యార్థులారా, మన తిరుప్పూరులో తెల్లవారకమునుపే మీ అన్నలు, తండ్రులు మోటారు సైకిళ్ళపై బనియను కంపెనీలకు సాగిపోవుదురు. తలకు హెల్మెట్టు పెట్టుకొనుమని వారిని బ్రతిమాలుడు. అది ఖర్చులేని శస్త్రచికిత్స. రేపు మీలో ఒకరు న్యూరోసర్జను కావచ్చును. మరియొకరు కంపెనీ యజమాని కావచ్చును. యజమాని యైనవాడు తన లాభములో ఐదవ పాలు కాకున్న ఏబదవ పాలైనను అట్టి చదువునకు వేరుచేసినచో, పీలమేడు సోదరుల బాట మన ఊరికిని వచ్చినట్లే.