చిన్నపిల్లలకు సాక్ష్యవిచారము నేర్పుట

క్రింది తరగతులలో ప్రకృతిశాస్త్రము బోధించునపుడు మేము పెక్కేండ్లు ఒక ప్రయోగమును చూపుచు వచ్చితిమి. పళ్లెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తిని నిలిపి వెలిగించి, దానిపై గాజుగ్లాసును బోర్లించుదుము. కొంతసేపటికి దీపమారును, గ్లాసులోనికి నీరెక్కును. "గాలిలో అయిదవ పాలు ప్రాణవాయువు. అది మండిపోయినందున ఆ చోటికి నీరు వచ్చినది" అని మేము చెప్పుదుము. పిల్లలు వ్రాసికొందురు. పరీక్షలో అదే వ్రాసి మార్కులు పొందుదురు.

ఒకనాడు అయిదవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారండీ, దీపము వెలుగుచున్నంతసేపు నీరు పెద్దగా ఎక్కలేదు గదండీ! ఆరినతరువాతనే గబగబ ఎక్కినది" అనెను. మేము ఆమెను కూర్చుండుమంటిమి. ఆ సాయంకాలము ఇంటియొద్ద స్వయముగా చేసి చూచుకొనగా ఆమె మాటయే నిజమని తేలినది. ప్రాణవాయువు మండుటయే కారణమైనచో దీపము వెలుగుచుండగానే నీరు క్రమముగా ఎక్కవలదా? ఇన్నియేండ్లు మేము చూచినది చెప్పక, చదివినది చెప్పితిమి.

మరునాడు తరగతి యెదుట మా పొరపాటును ఒప్పుకొని ప్రయోగమును మరల మొదలుపెట్టితిమి. ఈ పర్యాయము కారణము నడుగలేదు. కన్నులకు కనబడినదానిని మాత్రమే చెప్పుమంటిమి. ఇది పిల్లలకు మిక్కిలి కష్టము. "దీపము నీటిని పీల్చినది" అని యొకడు చెప్పగా, "పీల్చుట నీవు చూచితివా? నీరెక్కుట చూచితివా?" అని యడిగితిమి. వాడు చాలసేపు యోచించి, "ఎక్కుటయే చూచితినండి" అనెను. గ్లాసును దించునపుడు అంచుక్రిందినుండి బుడగలు వెలువడుటను వేరొకడు కనిపెట్టెను. మేమెన్నడును దానిని గమనించియుండలేదు.

బుడగలనుబట్టి క్రొత్త ఊహ పుట్టినది. మంటవేడికి గాలి వ్యాకోచించి కొంత వెలికి పోయినదేమో. దీపమారి చల్లబడగా మిగిలిన గాలి సంకోచించి నీటికి చోటిచ్చినదేమో. రెండూహలలో ఏది సరియో తేల్చుటెట్లు? ఒక క్రొవ్వొత్తికి బదులు మూడు పెట్టుదమని నిశ్చయించితిమి. గ్లాసు మారదు గనుక అందలి ప్రాణవాయువును మారదు. మొదటి యూహ సరియైనచో నీరు మునుపటియంతయే ఎక్కవలెను. రెండవది సరియైనచో వేడి హెచ్చినకొలది నీరును హెచ్చుగా ఎక్కవలెను. ఏమి జరుగునో ప్రతివారును ముందుగా పలకపై వ్రాసి బోర్లించిరి. ముందు వ్రాయనిచో, ఫలము చూచినపిదప "నేనట్లే అనుకొంటిని" అనువారే యందరును! మూడు దీపములకు చోటు చాలదని ఒక బాలుడు పెద్దగ్లాసు తేబోగా తోడివారే, "గ్లాసు మారినచో లెక్క చెడును" అని యాపిరి. మూడు క్రొవ్వొత్తులతో నీరు స్పష్టముగా హెచ్చు ఎత్తునకు ఎక్కెను.

"అట్లయిన ప్రాణవాయువు ఖర్చే కాలేదు!" అని కొందరు కేకవేసిరి. అదియు సాక్ష్యమును మించిన మాటయే. ప్రాణవాయువు తగ్గుటచేతనే దీపమారును. కాని అది పూర్తిగా అయిపోకమునుపే ఆరును. తగ్గినదానికి మారుగా బొగ్గుపులుసు వాయువును నీటియావిరియు పుట్టును. ఈ పొరపాటు మాతో మొదలైనది కాదు. క్రీ. పూ. 3వ శతాబ్దివాడైన బైజాంటియము ఫైలో ఈ ప్రయోగమునే వర్ణించి, గాలియే నిప్పుగా మారి పాత్రనుండి జారిపోయినదని తలచెను. అదే క్రొవ్వొత్తిని గూర్చి మైకేల్ ఫారడే 1860-61లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికలకు ఆరు ఉపన్యాసము లిచ్చెను. పిల్లలకు తగని విషయమని ఎవరైన ననినచో ఆయన పేరు చెప్పుదుము.

తల్లిదండ్రులు దీనిని ఇంటియొద్ద చేయించవచ్చును, దీపముదగ్గర పెద్దవారుండవలెను. బిడ్డ తప్పు కారణము చెప్పినను వెంటనే దిద్దవలదు. "నీవేమి చూచితివి? ఇంకెట్లు చూచిన తెలియును?" అని యడుగుడు. జవాబు రాక ఆలస్యమగును; పాఠములు వెనుకబడునని మా తోటివారు సణుగుదురు కూడ. వెనుకబడినమాట నిజమే.

ఇక అయిదవ పాలు మాట తేలవలసియుండెను. వేడి లేకుండ ప్రాణవాయువును తీసివేయునది త్రుప్పు. తడి పరీక్షనాళికలో ఇనుపరజను అంటించి, నీటిలో తలక్రిందుగా నిలిపితిమి. పిల్లలు ప్రతిదినమును నీటిమట్టమున కెదురుగా కాగితముపై గీత గీచిరి. కొన్నిదినములకు గీతలు ఒకచోటనే పడసాగినవి. అప్పుడు కొలిచి చూడగా నాళికలో సుమారు అయిదవ పాలు నీరు నిలిచియుండెను. మొదట లేచి యడిగిన బాలికయే ఆ కొలత తీసినది.