ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ ఆయిల్: ఇంట్లోనే మార్చుకోవచ్చా? పానా పట్టుకునే ముందు ఇవి తెలుసుకోండి

సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటారు. వీధి చివర షెడ్డులో అడిగితే "ఇన్నాళ్లూ మార్చలేదా? గేర్‌బాక్స్ పోతుంది" అని భయపెడతారు. మొబైల్ ఓపెన్ చేస్తేనేమో "పది నిమిషాల పని, మీరే చేసుకోండి" అంటూ వీడియోలు కనిపిస్తాయి. మరి ఈ ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలి?

నిజానికి ఆయిల్ కిందకి దించడం, పైనుంచి పోయడం పెద్ద కష్టమేమీ కాదు. తేడా వచ్చేది రెండే చోట్ల. ఒకటి, మీ గేర్‌బాక్స్‌కి సరిపడే ఆయిలే పోశారా? రెండు, ఎంత ఉండాలో అంతే ఉందా? ఈ రెండింటిలో ఏది తప్పినా బిల్లు లక్షల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే వీడియోల్లో తొందరగా దాటేసే విషయాలనే ఇక్కడ వివరంగా చూద్దాం.

ముందు ఇది తేల్చుకోండి: మీది ఏ రకం ఆటోమేటిక్?

క్లచ్ పెడల్ లేని కారు ఏదైనా మనం 'ఆటోమేటిక్' అనేస్తాం. కానీ లోపల ఉండే గేర్‌బాక్స్ నాలుగు రకాలు. ఒకదాని ఆయిల్ ఇంకొకదానికి పనికిరాదు.

టార్క్ కన్వర్టర్: ఇన్నోవా క్రిస్టా, క్రెటా డీజిల్, బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్‌లలో ఉండేది ఇదే. ఏటీఎఫ్ అని పిలిచే ఎర్ర రంగు ఆయిల్ వాడేది వీటిలోనే.

సీవీటీ: హోండా సిటీ, అమేజ్ పెట్రోల్ ఆటోమేటిక్‌లు ఈ రకం. దీంట్లో విడివిడి గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ తిరుగుతుంది. దీనికి ప్రత్యేకంగా సీవీటీ ఫ్లూయిడ్ కావాలి.

డీసీటీ: ఐ20 టర్బో, వర్టస్ 1.5 లాంటి వాటిలో రెండు క్లచ్‌లు ఉంటాయి. వీటి ఆయిల్ వేరు, మార్చే పద్ధతి వేరు. ఇంటి దగ్గర ప్రయత్నించకపోవడమే మంచిది.

ఏఎంటీ: వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, టియాగో లాంటి కార్లలో ఉండేది ఇదే. చాలామంది పొరబడేది ఇక్కడే. ఏఎంటీ అంటే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని మాత్రం మెషిన్ చేస్తుంది. కాబట్టి దీనికి ఏటీఎఫ్ కాదు, మాన్యువల్‌లో రాసిన గేర్ ఆయిల్ పోయాలి. మారుతి, టాటా ఏఎంటీల్లో గేర్ మార్చే యూనిట్‌కి విడిగా ఇంకో హైడ్రాలిక్ ఆయిల్ కూడా ఉంటుంది. దాని జోలికి ఇంట్లో వెళ్లొద్దు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా టార్క్ కన్వర్టర్ కార్ల గురించే.

ఏ ఆయిల్ పోస్తే ఏంటి? అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌కి ప్రధానంగా అరుగుదల తగ్గించే పని, వేడి లాగేసే పని ఉంటాయి. ఏటీఎఫ్‌కి ఆ రెండూ కాకుండా మరో రెండు పనులున్నాయి. గేర్ మారడానికి కావాల్సిన హైడ్రాలిక్ ప్రెషర్ దీని ద్వారానే వస్తుంది. లోపలి క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుగా, ఎంత మెత్తగా కలవాలన్నది కూడా ఈ ఆయిల్ మీదే ఆధారపడుతుంది. ఎక్కువ జారితే క్లచ్ కాలిపోతుంది. మరీ పట్టేస్తే గేర్ మారిన ప్రతిసారీ కుదుపు వస్తుంది.

సీవీటీ కథ ఇంకా వేరు. అక్కడ స్టీల్ బెల్ట్ స్టీల్ పుల్లీ మీద జారకుండా పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చేలా తయారు చేసిన ఫ్లూయిడ్ అది. అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్ట్ జారి, పుల్లీల మీద గీతలు పడతాయి. ఆ తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా ఆ గీతలు పోవు.

అందుకే డబ్బా మీద 'ఏటీఎఫ్' అని ఉంటే చాలదు. టొయోటా ఆరు గేర్ల ఆటోమేటిక్‌లకు డబ్ల్యూఎస్, హ్యుందాయ్ ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్లకు ఎస్‌పీ-4, హోండా సిటీ కొత్త తరం సీవీటీలకు హెచ్‌సీఎఫ్-2... ఇలా కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ ఒకటి ఉంటుంది. మీ కారు ఓనర్స్ మాన్యువల్‌లో చివరి పేజీల్లో ఉండే పట్టికలో అది రాసి ఉంటుంది. షాపులో "అన్నిటికీ ఇదే పోస్తారు" అన్నా సరే, ఆ పేరు డబ్బా మీద కనిపిస్తేనే కొనండి.

'లైఫ్‌టైమ్' అంటే ఎవరి లైఫ్?

బీఎండబ్ల్యూ లాంటి కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్. ఈ గేర్‌బాక్స్‌లున్న కార్లు చాలావరకు 'లైఫ్‌టైమ్ ఆయిల్' పేరుతోనే అమ్ముడయ్యాయి. కానీ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చాలని సూచిస్తోంది. చేసినవాళ్లే మార్చమంటున్నారంటే విషయం అర్థం చేసుకోవచ్చు.

మరో సంగతి. కొన్ని మాన్యువల్స్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠిన పరిస్థితుల్లో వాడకానికి. మొదటి దాంట్లో ఆటోమేటిక్ ఆయిల్ "మార్చక్కర్లేదు" అని, రెండో దాంట్లో "ఇన్ని కిలోమీటర్లకు మార్చండి" అని ఉంటుంది. ఏవి కఠిన పరిస్థితులు? హ్యుందాయ్, కియా మాన్యువల్స్‌లో ఉన్న వాటిలో ఒకటి: 32 డిగ్రీలు దాటిన ఎండలో, రద్దీ ట్రాఫిక్‌లో నడపడం. ఏప్రిల్‌లో విజయవాడ బెంజ్ సర్కిల్, సాయంత్రం హైటెక్ సిటీ రోడ్డు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మనలో చాలామందికి వర్తించేది ఆ రెండో పట్టికే.

ఆయిల్ రంగు ఏం చెబుతుంది?

కొత్త ఏటీఎఫ్ ఎక్కువగా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. వాడేకొద్దీ గోధుమ రంగుకి తిరగడం సహజం. నల్లగా మారి మాడిన వాసన వస్తుంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అనుమానించాలి.

గులాబీ రంగులో పాలలా కనిపిస్తే ఇంకా సీరియస్. ఆయిల్‌లో నీళ్లు గానీ, రేడియేటర్ కూలెంట్ గానీ కలిసిందని అర్థం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. అలా మునిగిన కారును స్టార్ట్ చేయకుండా ముందు గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూపించుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కొంటున్నా ఈ చెక్ తప్పనిసరి.

డ్రెయిన్ బోల్ట్‌కి ఉండే అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే కంగారు వద్దు, అది మామూలు అరుగుదలే. మెరిసే ముక్కలు, రేకులు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చి వదిలేయొద్దు. మెకానిక్‌కి చూపించండి.

ఇంట్లో చేస్తే ఎలా?

అన్నిటికంటే ముందు మీ ప్రాణం. టైర్ మార్చడానికి కారుతో ఇచ్చే జాకీ మీద బండి లేపి, కిందకి దూరొద్దు. ఇటుకలు, రాళ్లు, చెక్క దిమ్మెలు అసలే వద్దు. బండి బరువు మోయగల జాక్ స్టాండ్‌లు, గట్టి నేల ఉంటేనే మొదలుపెట్టండి. అవి లేకపోతే ఈ పని షెడ్డుకి వదిలేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. సెల్లార్ పార్కింగ్‌లో, షట్టర్ మూసిన చోట ఇంజిన్ ఆన్ చేసి పని చేయొద్దు. పొగలో ఉండే విషవాయువుకి వాసన ఉండదు.

1. బండిని చదునుగా ఉన్న చోట పెట్టండి. కాసేపు నడిపాక ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు. లాంగ్ డ్రైవ్ నుంచి రాగానే బోల్ట్ విప్పితే చేతులు కాలతాయి.

2. పోసే బోల్ట్ ముందు విప్పండి, దించే బోల్ట్ తర్వాత. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే. ఆయిల్ మొత్తం దించేశాక పైన బోల్ట్ పట్టేసి రాకపోతే, బండి అక్కడే ఉండిపోతుంది.

3. కింద కనిపించే బోల్ట్ ఇంజిన్‌దా, గేర్‌బాక్స్‌దా అన్నది ఖాయం చేసుకోండి. ఇంజిన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్స్ ఆయిల్ దించేసి, ఇంజిన్‌లో డబుల్ ఆయిల్ పోసిన వాళ్లు ఉన్నారు.

4. దిగిన ఆయిల్‌ని లీటర్ గుర్తులున్న డబ్బాలోకి పోసి కొలవండి. ఈ అంకె రాసుకోండి. మిగతా పనంతా దీని మీదే నడుస్తుంది.

5. బోల్ట్‌కి కొత్త వాషర్ వేసి బిగించండి. గేర్‌బాక్స్ బాడీ అల్యూమినియం. బలం ఉంది కదా అని బిగిస్తే మరలు లేచిపోతాయి. మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి.

6. శుభ్రమైన గరాటుతో, దిగినంత కొత్త ఆయిల్ పోయండి. చిన్న దుమ్ము, గుడ్డ పీచు కూడా లోపలికి పోకూడదు.

ఒక్కసారి దించితే మొత్తం ఆయిల్ రాదు

చాలా వీడియోలు చెప్పని లెక్క ఇది. బోల్ట్ విప్పితే అడుగున ఉన్న ఆయిలే దిగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉన్నది అక్కడే ఉంటుంది. ఉదాహరణకు మొత్తం 7 లీటర్లలో మూడున్నర లీటర్లే దిగిందనుకుందాం. అంతే కొత్తది పోస్తే సగం ఆయిల్ కొత్తది. కొన్ని రోజులు నడిపి మళ్లీ అలాగే చేస్తే 75 శాతం. మూడోసారికి సుమారు 87 శాతం.

ఇంట్లో చేసేవాళ్లకి ఈ పద్ధతే సేఫ్. పైపులు ఊడదీసి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి మొత్తం ఆయిల్ బయటికి పంపే ప్రయోగాలు చేయొద్దు. పంప్ ఆయిల్ లేకుండా కొన్ని క్షణాలు తిరిగినా నష్టమే.

లెవెల్: అసలు పరీక్ష ఇక్కడే

ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అందుకే లెవెల్‌ని ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. హ్యుందాయ్ ఆరు గేర్ల గేర్‌బాక్స్‌లో ఇది 50 నుంచి 60 డిగ్రీలు. చల్లగా ఉన్నప్పుడు లెవెల్ దాకా నింపితే, వేడెక్కాక ఎక్కువై నురగ వస్తుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ పోసినట్టవుతుంది. రెండూ గేర్‌బాక్స్‌కి చేటే.

డిప్‌స్టిక్ ఉన్న పాత కార్లలో ఎక్కువగా ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూస్తారు. పాత హోండాల్లో మాత్రం ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి. మీ మాన్యువల్ ఏం చెబితే అదే ఫైనల్.

కొత్త కార్లలో డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, కింద లెవెల్ బోల్ట్ విప్పి, ధారగా వచ్చే ఆయిల్ చుక్కలుగా మారేదాకా చూడాలి. ఆయిల్ ఉష్ణోగ్రత తెలియాలంటే స్కానర్ కావాలి. బండి నాలుగు వైపులా సమానంగా ఉండాలి, ముందు మాత్రమే లేపితే కొలత తప్పుతుంది. చక్రాలు గాల్లో ఉండగా గేర్ వేస్తే తిరుగుతాయి కూడా. ఈ ఒక్క స్టెప్ ఇంట్లో చేయడం చాలామందికి కుదరని పని.

మధ్యే మార్గం ఒకటి ఉంది. ఎక్కడా లీకేజీ లేకపోతే, దిగినంతే కొలిచి పోసి, వెంటనే లిఫ్ట్ ఉన్న షెడ్డులో లెవెల్ చెక్ చేయించుకోండి. ఆయిల్ మీ కళ్ల ముందే మారింది, కొలత తెలిసినవాళ్లు చూశారు.

లక్ష దాటినా ఎప్పుడూ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుందా?

ఈ భయం చాలామందిలో ఉంది. బండి సాఫీగా నడుస్తుంటే, పైన చెప్పినట్టు కొంచెం కొంచెంగా మార్చుకోవచ్చు. ఇప్పటికే గేర్లు జారుతున్నా, 'డి'లో వేశాక బండి ఆలస్యంగా కదులుతున్నా అప్పటికే క్లచ్‌లు అరిగిపోయి ఉండొచ్చు. అరిగిన క్లచ్‌ని కొత్త ఆయిల్ బాగుచేయలేదు. మార్చిన వారానికి గేర్‌బాక్స్ పోతే నింద ఆయిల్ మీద పడుతుంది, అంతే. అలాంటి బండిని ముందు స్కాన్ చేయించి, తర్వాతే ఆయిల్ సంగతి చూడండి.

పాత ఆయిల్ ఏం చేయాలి?

డ్రైనేజీలో, ఖాళీ స్థలంలో పారబోయొద్దు. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మూత బిగించిన డబ్బాలో పోసి, రీసైక్లింగ్‌కి పంపే వర్క్‌షాప్‌కి ఇవ్వండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా సులువు, అక్కడ చాలా ఆటో పార్ట్స్ షాపులు ఉచితంగా తీసుకుంటాయి. అయితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్ పనులకి అనుమతి ఉందో లేదో లీజు పేపర్లలో చూసుకోండి.

ఒక్క మాటలో చెప్పాలంటే

మాన్యువల్‌లో ఉన్న పేరు, డబ్బా మీద ఉన్న పేరు ఒకటే అయి ఉండాలి. దిగినంత కొలిచి పోయాలి. లెవెల్ సరైన వేడిలో చూడాలి. జాక్ స్టాండ్ లేకుండా బండి కిందకి వెళ్లకూడదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా షెడ్డుకే వెళ్లండి. అక్కడైనా "ఏ ఆయిల్ పోస్తున్నావన్నా? డబ్బా చూపించు" అని అడగడం మర్చిపోవద్దు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మోడల్‌ని బట్టి పద్ధతి మారుతుంది. కారు వారంటీలో ఉంటే సొంతంగా మార్చే ముందు షరతులు చదువుకోండి. ఆయిల్ బిల్లు, మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి దాచుకోండి.