పాత డ్రైవర్ ఉంటే కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

ప్రింటర్, కెమెరా, గ్రాఫిక్స్ కార్డు... ఒక్కో పరికరానిది ఒక్కో భాష. దాన్ని విండోస్‌కు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ లాంటి ప్రోగ్రామే డ్రైవర్. విండోస్ మారినా దుబాసీ పాతదే అయితే మాట కుదరకపోవచ్చు. చాలా డ్రైవర్లు విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో పనిచేస్తాయి. అక్కడ తప్పుడు మెమరీని తాకితే, సమాచారం పాడవకుండా విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. అదే నీలి తెర! 2025లో విండోస్ 11 దాన్ని నల్లగా మార్చింది.

ఎలా సరిచేయాలి? ముందు తెరమీది ఎర్రర్ కోడ్ రాసుకోండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న పరికరాన్ని వెతకండి. కొత్త డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ నుంచి గానీ, తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి గానీ మాత్రమే తెచ్చుకోండి. కొత్తదాంతోనే ఇబ్బంది మొదలైతే 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి, పాతది తిరిగొస్తుంది. విండోస్ అసలు తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. అందులో అత్యవసరమైన డ్రైవర్లే నడుస్తాయి కాబట్టి మరమ్మతు సులువు.