తారీఖు చూసి కాదు, లద్ది చూసి మందు పొయ్యాలె

మన ఊళ్లల్ల జీవాలకు నట్టల మందు ఎట్ల పోస్తరు? తారీఖు వచ్చిందంటే మందకు మంద, అన్నిటికీ ఒక్కతీరుగనే. గిదే పని అమెరికాల గుర్రాలకు చేసిండ్రు. ఆడ ఏమైందో తెల్సుకుంటే మనకు అక్కరకొస్తది.

ఒకప్పుడు గుర్రాలను బాగ చంపిన పురుగు స్ట్రాంజైలస్ వల్గారిస్. గడ్డితోని లోపలికి పోయిన దీని పిల్లపురుగులు పేగులకు నెత్తురు మోసే నాళాలల్ల చొరబడ్తయి. ఆడ నెత్తురు గడ్డకడితే పేగు చచ్చువడ్తది. గుర్రం కడుపునొప్పితోని పొర్లి పొర్లి పాణం ఇడుస్తది. 1966ల కెంటకీ యూనివర్సిటీ సైంటిస్టులు డ్రడ్జ్, లయన్స్ ఒక పద్ధతి చెప్పిండ్రు: 6–8 వారాలకోసారి అన్ని గుర్రాలకూ మందు. ఆ పురుగు చానా మటుకు తగ్గింది. ఆ కాలానికి అది మంచి సలహానే.

కానీ గుర్రం కడుపుల సయాథోస్టోమిన్లనే చిన్న పురుగులు కూడా ఉంటయి. మందు పోసినప్పుడల్లా వీటిల మెతకవి చచ్చినయి, మొండివి బతికి గుడ్లు పెట్టినయి. ఏండ్లు గడిచేసరికి మొండి జాతే నిండిపోయింది. ఇయ్యాల చానా దేశాలల్ల బెంజిమిడాజోల్ మందులు వాటిమీద సరిగ్గ పనిచేస్తలేవు. మనం గొర్లకు పోసే ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ కూడా ఆ కుటుంబమే!

ఇగ లద్దిని మైక్రోస్కోప్ కింద పెట్టి గుడ్లు లెక్కవెడితే అసలు సంగతి బయటపడ్డది. ఎదిగిన గుర్రాలల్ల సుమారు 20 శాతమే 80 శాతం గుడ్లు ఇడుస్తున్నయి. మరి మిగిలినవాటికి మాటిమాటికీ మందు ఎందుకు? 1999ల డెన్మార్క్, ముందుగాల పరీక్ష చెయ్యకుండ మందు ఇయ్యొద్దని రూల్ పెట్టింది. అయితే మందు బాగ తగ్గించిన కొన్ని చోట్ల పాత పెద్ద పురుగు మళ్ల కనవడ్డది. అంటే మందు బంద్ చేసుడు కాదు, చూసి పోసుడు కావాలె.

మన గొర్ల నెత్తురు తాగే హీమాంకస్ పురుగు కూడా మందులకు మొండికేస్తున్నది, మన దేశంల కూడా. అందుకే తమ్ముడూ, చెల్లే, మూడు పనులు చెయ్యుండ్రి. మందు పోసే ముందు కొన్ని జీవాల పెంటికలు పశువుల దవాఖానకు తీస్కపోయి పరీక్ష చేపియ్యుండ్రి. అందాజతోని కాదు, బరువు చూసి పొయ్యుండ్రి. తక్కువ పోస్తే మొండి పురుగును మనమే సాదినట్టు. రెండు వారాలకు మళ్ల పరీక్ష చేపిస్తే మందు పనిచేసిందా లేదా తెలుస్తది.

సర్కారు మందు డబ్బాలు పంచుడు మంచిదే. దాంతోపాటు ప్రతి మండలంల పెంట పరీక్ష చెయ్యాలని కూడా అడుగుదాం. మందు పనిచెయ్యకుండ పోయినంక మంద పోతది, మందతోని ఇల్లు పోతది.