ఇంట్ల ఇంగ్లిష్ నేర్పుండ్రి.. తెలుగును బంద్ పెట్టకుండ్రి

ఊర్లల్ల యూకేజీ పిల్లలున్న ఇండ్లల్ల ఇప్పుడు ఒకటే ముచ్చట. 'ఇంట్ల గూడ ఇంగ్లిష్‌లనే మాట్లాడుండ్రి' అని బడోళ్లు చెప్తున్నరట. చెప్పుడు అల్కనే. తెలుగు మీడియంల పది దాంక చదివిన తల్లి ఇంగ్లిష్‌ల ఏం మాట్లాడ్తది? కమ్, సిట్, ఈట్, డోంట్ క్రై. గాడికే ఆగిపోతది. అదే తల్లి తెలుగులైతే బర్రె ఇయ్యాల పాలెందుకియ్యలేదో చెప్తది, కోతి కథ చెప్తది, పోరడు వంద ప్రశ్నలడిగితే వందకూ జవాబిస్తది. ఇగ నాయినమ్మకైతే మనుమనితోని మాటే బందైతది. ఇదేం చదువు?

రెండు భాషలు ఒక్కపారే నేర్సుకునే తాకత్ చిన్న పిల్లలకు ఉంటది. తండాలల్ల సూడుండ్రి, ఇంట్ల లంబాడీ, బయట తెలుగు, ఏ పోరడూ తికమక పడడు. 1984ల జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే సైంటిస్టులు కెనడాల ఒక పరిశోధన అచ్చేసిండ్రు. 'ట'కు, 'త'కు ఉన్న ఫరక్ ఇంగ్లిష్ ఇండ్లల్ల పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు గుర్తువట్టిండ్రు. ఏడాదికి దగ్గరవడ్డ పిల్లలకు మాత్రం అది చాన వరకు పోయింది. ఎందుకంటే వాళ్ల ఇంట్ల ఆ ఫరక్‌తోని పని లేదు. చెవుల వడ్డదే నిలుస్తది.

మరి ఫోన్ల రైమ్స్ పెట్టి ఇస్తే సరిపోతదా? 2003ల ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాల తొమ్మిది నెలల పిల్లలకు 12 పూటలు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుంగ కూసొని ఆడిచ్చుకుంట మాట్లాడితే ఆ భాష చప్పుళ్లు పట్టుకున్నరు. అదే మనిషి వీడియో పెడితే ఏం రాలే. ఇంకో సంగతి, ఇది గల్ఫ్‌ల ఉన్నోళ్ల ఇండ్లకు అక్కరకొస్తది. 2014ల వచ్చిన ఒక అధ్యయనంల రెండు, రెండున్నరేండ్ల పిల్లలు వీడియో కాల్‌ల గూడ కొత్త మాటలు నేర్సుకున్నరు. అవుతలి మనిషి వాళ్లను సూసి, జవాబిచ్చుకుంట మాట్లాడిండు, అందుకే. అంటే దుబాయ్‌ల ఉన్న బాపు కాల్‌ల గిన్నె సూపెట్టి 'వాట్ ఈజ్ దిస్?' అని అడిగినా పనైతది.

ఇంటర్, డిగ్రీ చదివే మీరే ఇంట్ల ఈ పని చెయ్యాలె. రోజుకు పావుగంట చాలు, కని ఒకటే టైం పెట్టుకోండ్రి. నీళ్లు పోసేటప్పుడో, బువ్వ తినేటప్పుడో. చేతిల ఉన్న వస్తువుతోనే మొదలు వెట్టాలె. బస్సు, బకిట్, ప్లేటు, టార్చి, లైటు.. ఇవన్నీ పోరనికి ముందుగాలనే వచ్చు. 'బస్సు'ల చివరి 'ఉ' తీసేసి 'బిగ్ బస్, రెడ్ బస్' అంటే మాట ముందటికి నడుస్తది. తప్పు మాట్లాడితే ఆపి తిట్టొద్దు. 'హీ గో' అంటే 'యెస్, హీ వెంట్' అని మీరు సక్కగ అని ఊకోండ్రి. సుట్టాలొచ్చినప్పుడు నిలవెట్టి 'అంకుల్‌కు రైమ్ చెప్పు' అనే అలవాటు గూడ మానాలె. దాంతోని వచ్చేది సిగ్గే.

అక్షరాల కాడ ఒక చిక్కుంది. తెలుగుల 'క' అక్షరం పేరూ అదే, చప్పుడూ అదే. ఇంగ్లిష్‌ల 'సీ, ఏ, టీ' అని ఎంత గట్టిగ ఒర్రినా 'క్యాట్' రాదు. అందుకే పేర్లకంటె ముందు చప్పుళ్లు నేర్పుండ్రి: క్, యా, ట్. ఇది తెలువకనే చాన మంది పిల్లలు స్పెల్లింగ్ బట్టీ కొడ్తరు గని సదువలేరు.

కథలకు పైసలు గట్టే పని లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ల బొమ్మల కథలు ఫ్రీగ ఉన్నయి, చాన కథలు తెలుగులా ఉంటయి, ఇంగ్లిష్‌లా ఉంటయి. ఇయ్యాల తెలుగుల సదివి వినిపియ్యండ్రి, రేపు అదే కథ ఇంగ్లిష్‌ల. కథ ముందే ఎరుకైతది గావట్టి, కొత్త మాటకు అర్థం బొమ్మ సూసి పిల్లలే చెప్తరు.